డిపో వీధి గుండా ఒక్కసారి

రెండువేల పంతొమ్మిది, అక్టోబరు ఎనిమిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం వెర్డెల్ టాలివర్ వంటింట్లో కూర్చుని, బెండకాయలూ టమాటాలూ కలిపి ఉడికించిన కూర అన్నంలో కలుపుకుని, వేయించిన చేపముక్క నంజుకుంటూ తిన్నాను. కూర చర్చివాళ్ళు ఎవరో తెచ్చారు, చేప ఇంకెవరో తెచ్చారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించే అవసరం మావాళ్ళు రానివ్వరు. వెర్డెల్ మాత్రం ఏమీ ముట్టుకోలేదు. నా పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు అడిగింది.

"ఆయన్ని ఒక్కసారి కొట్టు ముందునించి తీసుకెళ్ళాలి, బ్రదర్ వెదర్స్. ఇంకేమీ అడగను."

ఆయన అంటే ఆమె భర్త ఆంబ్రోజ్. నా స్నేహితుడు. ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. శనివారం అంత్యక్రియలు. కొట్టు అంటే డిపో వీధిలో ఆంబ్రోజ్ తన వయసంతా గడిపిన కొట్టు. అక్కడ టోపీలు బాగుచేసేవాడు. నలిగిన ఫెల్టు టోపీకి ఆవిరి పట్టి, కొయ్య అచ్చు మీద బిగించి, అంచు తీర్చి, కొత్తదానిలా చేసి ఇచ్చేవాడు. ఆరేళ్ళ కిందట ఆ భవనం చేతులు మారింది. అచ్చులన్నీ పెట్టెల్లో పెట్టుకుని ఆంబ్రోజ్ ఇంటి వెనక వసారాలోకి వచ్చాడు. చివరిదాకా అక్కడే పనిచేశాడు.

వెర్డెల్ ఎందుకు అడిగిందో నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళో శవవాహనం వెనక వెళ్ళే బండ్లన్నీ పట్టపగలే దీపాలు వేసుకుంటాయి. ఆ దీపాలు కనబడగానే ఎదురొచ్చే బండ్లు పక్కకి తప్పుకుని ఆగిపోతాయి. పోయినవాళ్ళు ఎవరైనా సరే, తెల్లవాళ్ళైనా నల్లవాళ్ళైనా, ఆగడం ఆగడమే. కాలినడకన వెళ్ళేవాళ్ళు నిలబడిపోతారు. ఆంబ్రోజ్ అయితే లోపల ఆవిరి కెటిల్ పొయ్యి మీంచి దించి, గుమ్మంలోకి వచ్చి, నెత్తిమీద టోపీ తీసి గుండెకి ఆనించుకుని, చివరి బండి దాటేదాకా నిలబడేవాడు. ఎవరు పోయారని ఏ రోజూ అడగలేదు. నా భార్య లియోలాని శ్మశానానికి తీసుకెళ్ళిన రోజు, శవవాహనం వెనక ఇంటివాళ్ళు కూర్చునే నల్లబండి కిటికీలోంచి నేను చూసిన మొదటి ముఖం అతనిదే. చేతులకి రంగు, నడుముకి పని గుడ్డ. ఆ రోజు నేను చాలా సంగతులు మరిచిపోయాను గాని దాన్ని మరవలేదు.

గిన్నెలు తుడుస్తున్న ఎర్నెస్టైన్ వెనక్కి తిరిగింది. ఆమె ఆంబ్రోజ్ చెల్లెలు. నోరు పెద్దది, చేతులు అంతకన్నా పెద్దవి.

"ఏ కొట్టు వదినా? ఇప్పుడక్కడ కుక్కలకి పుట్టినరోజు కేకులు చేసి అమ్ముతున్నారు. మా అన్న శవాన్ని వాటికి చూపిస్తావా?"

"గుమ్మం అదే కదా," అంది వెర్డెల్.

ఎర్నెస్టైన్ మళ్ళీ గిన్నెల వైపు తిరిగిపోయింది.

చిక్కు ఒక్కటే. శనివారం నాడు డిపో వీధిలోకి బండ్లు రానివ్వరు. పొద్దున్నించి రెండు గంటలదాకా సంత. ఒకప్పుడు శనివారం నాడే ఆ వీధిలో బండి నిలపడానికి చోటు దొరికేది కాదు, మావాళ్ళతో నిండిపోయేది. నా చిన్నతనంలో తెల్లవాళ్ళ పెద్ద అంగళ్ళన్నీ ఊరి బయట మాల్‌కి వెళ్ళిపోతే నడిబొడ్డు మాకు మిగిలింది. మంగలి కొట్టు, మందుల కొట్టు, ఇద్దరు పళ్ళ డాక్టర్లు, ఆంబ్రోజ్. ఆ వెళ్ళినవాళ్ళ మనవలకి ఇప్పుడు మళ్ళీ నడిబొడ్డు కావలసి వచ్చింది. బట్టల మిల్లు అపార్టుమెంట్లయింది. పాత రైలు డిపో హోటలైంది. చెట్లకి ఏడాది పొడుగునా దీపాల తీగలు చుడుతున్నారు. అందంగా లేదని అనను. సాయంత్రంపూట నది ఒడ్డున కొత్తగా వేసిన బెంచీ మీద నేనూ కూర్చుంటాను. ముసలివాళ్ళ నడుముకి ఆనేలా చేశారు దాన్ని, ఎవరు చేశారో గాని.

మర్నాడు పొద్దున నగరపాలక కార్యాలయానికి వెళ్ళాను. వీధుల వాడకానికి అనుమతులిచ్చే అబ్బాయి పేరు కోల్బీ. ఒహాయో నించి వచ్చి రెండేళ్ళయిందట. లేచి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. శనివారం డిపో వీధిలో మా ఊరేగింపు ఒకటి వెళ్ళాలని చెప్పాను. ఆ మాట దగ్గరే మేమిద్దరం చెరో దారి పట్టాం. అతను ఉత్సాహంగా ప్రశ్నలు మొదలుపెట్టాడు. బ్యాండు ఉంటుందా, మైకులు పెడతామా, పిల్లలుంటారా, మిఠాయిలు విసురుతామా. చివరికి ఎంతమంది నడుస్తారని అడిగాడు.

"ఎవరూ నడవరు బాబూ," అన్నాను. "ఒకాయన తప్ప అందరం కూర్చునే వస్తాం. ఆయన పడుకుని వస్తాడు."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత చెవులదాకా ఎర్రబడిపోయాడు. చాలాసార్లు క్షమించమన్నాడు. అయినా చెయ్యగలిగింది లేదన్నాడు. సంతలో కొట్లు పెట్టుకునేవాళ్ళతో ఒప్పందాలున్నాయి, రెండింటికి ముందు అడ్డు తీస్తే గొడవవుతుంది. మంగళవారమైతే వీధి ఖాళీగా ఉంటుంది కదా, మంగళవారం పెట్టుకోకూడదా అని మర్యాదగానే అడిగాడు. మావాళ్ళు దూరదూరాల నించి వచ్చేది శనివారమేనని చెప్పి లేచాను. లిఫ్టు దాకా నా పక్కనే నడిచి వచ్చాడు. నా మోకాలు చూసి నడక నెమ్మది చేసుకున్నాడు. అలాంటి పిల్లవాడి మీద కోపం తెచ్చుకోవడం కష్టం.

అక్కణ్ణించి లెమ్యూల్ సగ్స్ దగ్గరికి వెళ్ళాను. మా శవసంస్కారాలన్నీ వాళ్ళ కుటుంబమే చూస్తుంది. లెమ్యూల్ హైస్కూల్లో నా దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు, ఇప్పటికీ సార్ అనే పిలుస్తాడు. వాళ్ళ స్థలం కూడా వచ్చే ఏడు హైవే అవతలికి మారిపోతోందని అప్పుడే చెప్పాడు. ఇరుగుపొరుగు కొత్త ఇళ్ళవాళ్ళకి కిటికీలోంచి శవపేటికలు కనబడుతున్నాయట.

"రెండింటికి అడ్డు తీస్తారు కదా సార్," అన్నాడు కాసేపు ఆలోచించి. "ప్రార్థన పదకొండింటికి కాక పన్నెండున్నరకి పెడదాం. శ్మశానంలో పనివాళ్ళు శనివారం మూడింటిదాకా ఉంటారు. రెవరెండ్ గారు రెండింటిదాకా లాక్కొస్తే చాలు."

రెవరెండ్ గారికి ఫోన్ చేసి చెప్పాను. ఈ చర్చికి వచ్చి ఇన్నేళ్ళయింది, తనని ఎక్కువసేపు ప్రసంగించమని ఒకరు అడగడం ఇదే మొదటిసారి అన్నారు. వెర్డెల్‌కి కబురు చెబితే, "దేవుడున్నాడు," అంది. ఆ రాత్రి ఆమె కాస్త సూప్ తాగిందని ఎర్నెస్టైన్ చెప్పింది.

శనివారం అంతా అనుకున్నట్టే జరిగింది, వీధి మలుపుదాకా. రెవరెండ్ గారు రూతు గురించి చెప్పి, మోషే గురించి చెప్పి, గడియారం చూసి మళ్ళీ రూతు దగ్గరికి వచ్చారు. రెండుకి పది నిమిషాలప్పుడు పెట్టె బయటికి వచ్చింది. ముందు శవవాహనం, వెనక వెర్డెల్ కూర్చున్న నల్లబండి, దాని వెనక దగ్గర బంధువుల బండ్లు. తర్వాత మేము. ఎర్నెస్టైన్ నల్లబండి ఎక్కనంది. లెమ్యూల్ వాళ్ళ బండి ఒక్కసారి ఎక్కితే చాలు, ఆ ఒక్కసారీ ఎలాగూ తప్పదు అని నా పక్కన వచ్చి కూర్చుంది. మా ముందు మా చర్చి డీకన్ హోసియా రఫ్ బండి. హోసియా వెళ్ళని అంత్యక్రియలు మా ఊళ్ళో లేవు. బండి నడిపేది నెమ్మదిగా, నమ్మకంగా. అతని వెనక పడితే చాలు, దారి తప్పం అనుకుంటాం అందరం.

డిపో వీధి మలుపులో ఎర్రదీపం పడింది. పాతరోజుల్లో అయితే దీపంతో మాకు పనిలేదు, అడ్డంగా వచ్చేవాళ్ళు ఆగిపోయేవాళ్ళు. ఆ రోజు ఆగలేదు. లెమ్యూల్ బండీ, నల్లబండీ, ఇంకో మూడు నాలుగు బండ్లూ అప్పటికే మలుపు తిరిగాయి. హోసియా ఆగాడు. అడ్డవీధిలోంచి వచ్చినవాళ్ళు మా మధ్యలో దూరారు. పచ్చదీపం పడేసరికి ముందున్నవాళ్ళు కనబడలేదు. హోసియాకి కనబడింది ఒక్కటే, బూడిదరంగు బండి, పట్టపగలు దీపాలు వెలుగుతూ. అది ఎడమకి తిరిగింది. హోసియా కూడా తిరిగాడు. అతని వెనక నేను తిరిగాను. నా వెనక అందరూ తిరిగారు.

ఇప్పటి కొత్త బండ్లకి దీపాలు వాటంతట అవే పగలూ రాత్రీ వెలుగుతూ ఉంటాయని మాకందరికీ తెలుసు. మా పిల్లల బండ్లే అలా ఉంటాయి. కాని పట్టపగలు దీపం వేసుకున్న బండి ముందుంటే మావాళ్ళ కాలు బుర్రని అడగదు, దాని వెనకే వెళుతుంది.

బూడిదరంగు బండి ఒక సిమెంటు వాలు ఎక్కింది. సంత రోజని అడ్డకర్ర పైకెత్తి పెట్టారు. హోసియా ఎక్కాడు. లెమ్యూల్ ఎవరితోనో మాట్లాడి దగ్గరి దారి ఏదో ఏర్పాటు చేశాడని అనుకున్నానని హోసియా తర్వాత చెప్పాడు. ఒక చుట్టు తిరిగాం. ఇంకో చుట్టు తిరిగాం. ఎర్నెస్టైన్ నా వైపు చూసింది. మూడో అంతస్తులో బూడిదరంగు బండి రెండు గీతల మధ్య ఆగింది. అది సంతకి వచ్చేవాళ్ళు బండ్లు నిలుపుకునే భవనం. తలుపు తెరుచుకుని, సంతకి ఆలస్యమైన ఒక యువతి ఖాళీ సంచులతో దిగింది. తన వెనక నల్లబట్టల్లో ఉన్న మనుషులు, వాలు కిందిదాకా దీపాలతో వరసగా ఆగిన బండ్లు చూసి సంచులు గుండెకి హత్తుకుంది. హోసియా దిగి టోపీ తీశాడు.

"పెళ్ళివారా? హోటల్ పక్క వీధిలో ఉందండీ," అంది ఆమె.

ఎర్నెస్టైన్ అద్దం దించి తల బయటపెట్టింది. "హోసియా, మా అన్నని మూడో అంతస్తులో పాతిపెడతావా?"

హోసియా ముఖం చూసి నాకు నవ్వు రాలేదు. డెబ్బయ్యేళ్ళ మనిషి, చదరంగంలో బంటు పోగొట్టుకున్న పిల్లవాడిలా నిలబడ్డాడు. వెనక్కి తిప్పుదామంటే కింద వాలంతా మావాళ్ళ బండ్లే. నేను దిగి, ఎటువైపు వీలుందో చూద్దామని అంచు గోడ దగ్గరికి వెళ్ళాను. కింద డిపో వీధి. సరిగ్గా ఎదురుగా, వీధి అవతల, ఆంబ్రోజ్ కొట్టు.

శవవాహనం అప్పుడే అక్కడికి వచ్చింది. సంత అడ్డు తీసేశారు గాని వీధి ఖాళీ కాలేదు. తినుబండారాల బల్లలు కాలిబాట మీదికి పరుచుకుని ఉన్నాయి. హోటల్ పైకప్పు మీద పాట మోగుతోంది. లెమ్యూల్ తన పొడుగు కోటులో బండి దిగి, దాని ముందు నెమ్మదిగా నడుస్తున్నాడు. వాళ్ళ నాన్న అలాగే నడిచేవాడు.

నేను ఎవరినీ పిలవలేదు. చూస్తే నా పక్కన హోసియా ఉన్నాడు, అటు ఎర్నెస్టైన్ ఉంది, గోడ పొడుగునా అందరూ వచ్చేశారు. చేతికర్ర ఉన్నవాళ్ళని పక్కవాళ్ళు పట్టుకున్నారు. మగవాళ్ళు టోపీలు తీశారు. బూడిదరంగు బండి అమ్మాయి మా వెనక కొంచెం దూరంలో అలాగే నిలబడి ఉంది. ఎర్నెస్టైన్ రెండు చేతులూ గోడ మీద ఆనించింది.

కింద లెమ్యూల్ కొట్టు గుమ్మం ముందు ఆగి, అటు తిరిగి, తల వంచాడు. బండి ఆగింది. బల్లల దగ్గర కొన్ని తలలు తిరిగి చూసి మళ్ళీ మాటల్లో పడ్డాయి. వెనక ఎవరో హారన్ కొట్టారు. మొదట చిన్నగా, తర్వాత చెయ్యి తియ్యకుండా. లెమ్యూల్ బండెక్కాడు. శవవాహనం కదిలింది, నల్లబండి కదిలింది. కింద ఎవరూ తల పైకెత్తలేదు.

మేము వెనక్కి తిరిగి కిందికి దిగేసరికి చాలాసేపు పట్టింది. సంత నించి ఇళ్ళకి వెళ్ళే బండ్లన్నీ అదే వాలులో ఇరుక్కున్నాయి. నది దాటి శ్మశానానికి చేరేసరికి పనివాళ్ళు గుంట చుట్టూ పరిచిన ఆకుపచ్చ పట్టా చుట్టేస్తున్నారు. గుంట పూడిపోయింది. బంధువులు బండ్ల దగ్గరికి వెళ్ళిపోయారు, డేరా కింద వెర్డెల్ ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది. రెవరెండ్ గారు పక్కన నిలబడి ఉన్నారు. ఆమె దారి వైపే చూస్తూ ఉందని, ప్రార్థన మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగిందని ఆయన నాతో మెల్లగా చెప్పారు. మేము దిగుతుంటే ఆమె ఒక్కొక్కరి ముఖం చూసింది. ఏమీ అడగలేదు.

చర్చి భోజనాల హాల్లో కూడా అడగలేదు. చీకటి పడుతుండగా ఇంటికి తీసుకొచ్చి, వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాక అడిగింది.

"ఎక్కడికి పోయారు మీరంతా?"

ఎర్నెస్టైన్ చెప్పింది. హోసియా నడక, ఆ అమ్మాయి సంచులు, పెళ్ళివారా అన్న మాట, అన్నీ చేసి చూపించింది. మూడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి వెర్డెల్‌కి నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆంబ్రోజ్ ఉంటే ఈ కథ ఏడాదిపాటు చెప్పేవాడని ఎర్నెస్టైన్ అంది. ఎర్నెస్టైన్ లేచి ముందుగదిలోకి వెళ్ళి, బూట్లతోనే సోఫాలో ఒరిగి నిద్రపోయింది.

అప్పుడు నేను మిగతాది చెప్పాను. పైనించి చూశామని, ఆయన బండి గుమ్మం ముందు ఆగినప్పుడు గోడ పొడుగునా అందరం నిలబడ్డామని, టోపీలు తీశామని. ఈ సంగతి ఆమెకి ఎప్పుడు చెబుదామా అని సాయంత్రమంతా నా దగ్గర దాచుకున్నాను. చెబితే ఆమెకి కొంచెమైనా తేలికవుతుందనుకున్నాను.

ఆమె బల్ల మీది గుడ్డ మడత సరిచేసింది.

"మీరు నిలబడతారు, బ్రదర్ వెదర్స్. మీరు నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారు? ఈ వంటింట్లోనైనా నిలబడతారు." ఆమె గొంతులో కోపం లేదు. "నేను అడిగింది ఆ వీధిని. వచ్చినవాళ్ళందరికీ ఆయన అక్కడ లేచి నిలబడ్డాడు. ఆయన వస్తే ఆ వీధికి ఆయనెవరో తెలియలేదు."

ఒక చివరి బల్ల దగ్గర ఒకావిడ బండిని చూసి ఫోర్కు కింద పెట్టడం పైనించి నాకు కనబడింది. అది చెప్పాను.

"చూశాను. ఫోన్ తీసుకోవడానికి," అంది వెర్డెల్.

నేను తల దించుకున్నాను. నీళ్ళు పోసి ఇస్తే ఆమె సగం తాగింది. అటు తర్వాత, నన్ను ఊరడించాలనుకుందో ఏమో, తనే మొదలుపెట్టింది.

"ఆ కేకుల కొట్టు ముందు ఒక పిల్ల ఉంది. పదిహేడో పద్దెనిమిదో. దాని కుక్క మా బండిని చూసి మొరగడం మొదలెట్టింది. ఆ పిల్ల దాన్ని ఎత్తుకుని, మూతి తన భుజానికి అదిమి పట్టుకుంది. మేము దాటేదాకా అలాగే పట్టుకుంది."

ఎర్నెస్టైన్ మెలకువగా ఉండి ఉంటే, బండి కింద పడుతుందని పట్టుకుని ఉంటుందిలే అనేది. ఆమె ముందుగదిలో గురక పెడుతోంది. అదీ ఒకందుకు మంచిదే అయింది.

"ఆ వీధిలో అంతవరకు మిగిలింది," అంది వెర్డెల్. "ఇంక నేను ఆ వీధికి వెళ్ళను. మీరూ నన్ను అటు తీసుకెళ్ళకండి. నన్ను తీసుకెళ్ళే రోజు కూడా హైవే మీంచే తీసుకెళ్ళమని లెమ్యూల్‌కి చెప్పండి."

చెబుతానన్నాను. ఆమె లేచి, చర్చివాళ్ళు తెచ్చిన కేకులో మిగిలిన ముక్క రేకు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. వద్దంటే వినదని తెలిసి తీసుకున్నాను. ముందుగదిలో ఎర్నెస్టైన్ మీద ఉన్ని దుప్పటి కప్పి, బూట్ల లేసులు వదులు చేసి, నాతోపాటు గుమ్మం దాకా వచ్చింది. బయట చలి మొదలైంది. ఇంటికి చేరాక ఫోన్ చెయ్యమంది. రేపు చర్చికి వస్తావా అని నేను అడిగితే, ఈ వారం రానంది.

నేను మెట్లు దిగాను. ఆమె తలుపు అంచు చేత్తో పట్టుకుని, నిద్రపోతున్న మనిషి లేవకుండా, గడియ చప్పుడు చెయ్యకుండా మూసుకుంది.